ముత్తాత నీడ ఎత్తుకెళ్ళిందెవరు?

లోపలికి రావడానికి హేమలత పర్మిషన్ అడిగింది. బయటికి పోవడానికి ఎవరిని అడగాలో అడగడం మాత్రం మరిచిపోయింది.

ఆవిడ వీపు వెనక టేకు తలుపు ధడాలున మూసుకుంది. బయట ఇనప గడియ అడ్డం పడింది. గడియకు తాళం, తాళానికి గుడ్డ చుట్టి లక్క సీలు. ఇది సి.ఐ. గోవిందస్వామి సొంతంగా కనిపెట్టిన పద్ధతి. దొంగతనం జరిగిన గదిలోనే అనుమానం ఉన్నవాళ్ళందర్నీ కూచోబెట్టి, ఫోన్లన్నీ సంచీలో వేయించి, తానూ లోపలే కూచుని, బయటినుంచి కానిస్టేబుల్‌తో తాళం వేయించేస్తాడు. ఉక్కకో, ఆకలికో, ఒంటికో రెంటికో ఓర్చుకోలేక ఎవడో ఒకడు ఒప్పేసుకుంటాడు. ఇంతవరకు మూడు కేసుల్లో ముగ్గురు ఒప్పుకున్నారు. ఆ ముగ్గురిలో ఇద్దరు దొంగలు కారని తర్వాత తేలింది. దాన్ని ఆయన లెక్కలోకి తీసుకోడు.

"సీలు బాగానే ఉంది గోవిందస్వామీ," అంది హేమలత ఆ తలుపు వైపు చూసి. "శీలం ఎవరిదో తేలాల ఇంక."

"మీరూ మీ మాటలూ! పదేళ్ళయినా మారలేదు మేడమ్." ఆయన తన ఫోను మాత్రం జేబులోనే ఉంచుకుని, ఆవిడ ఫోను కిటికీలోంచి కానిస్టేబుల్‌కు అందించాడు. "అయిదు గంటలకు మునస్వామిని మదనపల్లెకు తీసుకుపోతా. ఆ లోపల మీరేం తేలుస్తారో తేల్చుకోండి."

"తేలేది నేను చూసుకుంటా. మునిగేదెవరో నువ్వు చూసుకో."

ఒకప్పుడు ఇద్దరిదీ ఒకే డిపార్టుమెంటు. క్లూస్ టీములో ఫోటోలు తీసే పనిలో ఇరవై ఏళ్ళు గడిపి, విసుగొచ్చి బయటపడి, మదనపల్లెలో డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకుంది హేమలత. ఆవిడ పట్టిన మొదటి కేసు ఆ బోర్డు దొంగతనమే. గోవిందస్వామి మాత్రం డిపార్టుమెంటులోనే ఉండి పుంగనూరు దాకా ఎదిగాడు. ఆవిడ బయటికొచ్చి పేరు తెచ్చుకోవడం ఆయనకు చెప్పులో రాయి. ఇవాళ ఆ రాయే నడిచి గదిలోకొచ్చింది.

ఆ గది పుంగనూరు పాత చర్చికి ఆనుకుని ఉన్న రాతి గది. పాస్టరుగారి ఆఫీసు. పాస్టరుగారు మదనపల్లెలో మీటింగులో ఉన్నారు. తలుపు ఒకటే, కిటికీ ఒకటే, కిటికీకి బొటనవేలంత లావు కమ్మీలు. ఫ్యాను ఉంది, కరెంటు లేదు.

తనతో, సి.ఐ.తో కలిపి లోపల మొత్తం అయిదుగురు. గోడకు గోడు చెప్పుకుంటున్నట్టు దాన్నే చూస్తూ నిలబడిన మనిషి మేకల మునస్వామి. కాళ్ళు బారజాపుకుని నేలమీద కూచున్న ముసలామె ఆయన తల్లి. ఊరంతా ఆమెను పెద్దమ్మ అంటుంది, సి.ఐ.తో సహా. మెత్త ఉన్న ఒక్క కుర్చీలో ఒళ్ళో ఫైలు పెట్టుకుని కూచున్న తెల్లచొక్కా గిరిబాబు. మదనపల్లెలో ఆయనకు రెండు లాడ్జీలు, హార్స్లీ హిల్స్ దారిలో ఒక హోటలు, పుంగనూరులో ఒక ఆశ ఉన్నాయి.

ఆ ఆశ ఏమిటంటే, చర్చి వెనకున్న తన నాలుగెకరాల్లో కల్యాణమండపం. పెళ్ళికి ముహూర్తం ఎంత ముఖ్యమో, మండపానికి దారి అంత ముఖ్యం. ఆ దారికి అడ్డంగా మునస్వామి రెండు గదుల ఇల్లు, మేకల దొడ్డి ఉన్నాయి. గిరిబాబు దారి కోసం వెతికి వెతికి చివరికి ఈ గది గోడ మీద కనిపెట్టాడు. నూటయాభై ఏళ్ళ నాటి ఫోటో ఒకటి ఆ గోడకు వేలాడుతూ ఉండేది. రాళ్ళు పరిచిన వెడల్పాటి వీధి, రెండువైపులా మేడలు, వీధి చివర చర్చి. కింద ఇంగ్లీషు అక్షరాల్లో 'చర్చి వీధి' అని సిరా రాత. చర్చి ముందు అంత పెద్ద వీధి ఉండేదంటే దాన్ని ఎవరో ఆక్రమించినట్టే కదా? ఆక్రమించింది మునస్వామి తాతలే కదా? అలా అర్జీ పెట్టాడు. మదనపల్లె సబ్ కలెక్టరు ఆఫీసులో రేపు పొద్దున విచారణ. అసలు ఫోటో తీసుకురమ్మన్నారు. వీధి నిజమని తేలితే ఇల్లు పోతుంది.

ఈ మధ్యాహ్నం ఆ ఫోటో పోయింది. మేకు మీదనుంచి పోయిన ఫోటో మేకల మునస్వామి మెడకు చుట్టుకుంది. పోతే లాభం ఎవరికి? మునస్వామికి. రెండో తరగతి పిల్లకాయ కూడా చేసేంత సులువైన లెక్క. అందుకే హేమలతకు నచ్చలేదు.

"గిరిబాబు గారూ, ఫోటో లేదని మొదట చూసింది మీరేనా?"

"నేనేనమ్మా. పాస్టరుగారు తీసుకుపొమ్మని ఫోన్లో చెప్పినారు. వచ్చి చూస్తే ఫ్రేము కింద పడుండాది, లోపల బొమ్మ లేదు. బయటికొచ్చి అరిచినా."

"లోపల ఎంతసేపున్నారు?"

"అరిచేదానికి ఎంతసేపు కావాలమ్మా? అంతసేపు."

"ఈ తాళం, ఈ సీలు... ఎవరి ఆలోచన?"

"నాది," అన్నాడు గోవిందస్వామి.

"నీదే. ఇవాళ గుర్తు చేసిందెవరు?"

గోవిందస్వామి మీసం మీద చెమట తుడుచుకున్నాడు. గిరిబాబు నవ్వాడు. "మంచి పద్ధతి కదా అని నేనే అన్నా. నేను కూడా లోపలే కూచుంటా, నన్ను కూడా అనుమానించండి అన్నా. తప్పా?"

తప్పు కాదు. వింత. రోజుకు పది చోట్ల పని ఉండే మనిషి, బయటికి వదలమని ఒక్కసారి కూడా అడగలేదు. మాటిమాటికీ వాచీ మాత్రం చూసుకుంటున్నాడు. హేమలత ఆ వింతను మనసులో ఒక మేకుకు తగిలించి, ముసలామె పక్కన నేలమీద చతికిలబడింది.

"పెద్దమ్మా, నువ్వీడికి యాల వచ్చినావు?"

"ఈ పొద్దు పెద్దల అమాస కదమ్మా. మా మునెప్ప తాతకు బొట్టు పెట్టేదానికి వచ్చినా."

ఆ సంగతి మునస్వామి వివరించాడు. ఫోటోలో వీధి మొదట్లో, సరిగ్గా నడిమధ్య వేలెడంత మనిషి ఒకడు నిలబడి ఉంటాడు. తలపాగా, భుజాన గొంగడి, చేతిలో కర్ర, పక్కన ఒక మేక. ఆయన మునస్వామికి తాతకు తాత, మునెప్ప. వంశంలో ఆయనకున్న బొమ్మ అదొక్కటే. అందుకని ఏటా పెద్దల అమావాస్యనాడు ఇంట్లో పెద్దలకు ఇస్తరేసి అన్నం పెట్టే ముందు ఎవరో ఒకరు చర్చికి వచ్చి, ఫోటో అద్దం మీద సరిగ్గా ఆ వేలెడు మనిషి నుదుటిమీద గంధం, కుంకుమ పెట్టి పోతారు. మొదట్లో ఒక పాస్టరుగారు అభ్యంతరం చెప్పారట. ఆ తర్వాత వచ్చినాయన ముసలామెకు అందేట్టు ముక్కాలిపీట వేయించారు.

"దేవుడు వేరైతే ఏమమ్మా, గోడ ఒకటే కదా," అన్నాడు మునస్వామి.

"మరి పెట్టినావా పెద్దమ్మా?"

"పెట్టల్యా."

"యాల?"

"మా తాతకు నీడ ల్యా."

గోవిందస్వామి పకపకా నవ్వాడు. "మధ్యాహ్నం నుంచి ఇదే పాట మేడమ్! కంట్లో శుక్లాలు ముసలామెకు."

"శుక్లం నీ కేసుకుందేమో చూసుకో. నువ్వు చెప్పు పెద్దమ్మా, నీడ ల్యా అంటే?"

"ల్యా అంటే ల్యా. మనిషి ఉండాడు, మేక ఉండాది, నీడ ల్యా. నీడ లేనోడు దయ్యం కదమ్మా? దయ్యానికి బొట్టు పెడితే ఎనకాలే ఇంటికొచ్చేస్తాది. సేతిలో కుంకుమ సేతిలోనే పెట్టుకోని బయటికొచ్చేసినా. మావోడికి సెప్తే ఈడూ నవ్విన్యాడు."

"ఇంతకుముందు నీడ ఉండేదా?"

"యాల ఉండదు? ఇంత పొడుగు! కాళ్ళకాడ మొదులుపెట్టి, ఆ గుడి గోపురం మింద దాకా పోతాది. నేను కాపరానికి వచ్చినకాడినుంచి సూస్తాండా."

హేమలత నవ్వలేదు. ఆ మాటను ఇంకోసారి చెప్పించుకుంది. కాళ్ళ దగ్గర మొదలై గోపురం దాకా. లేచి బల్ల దగ్గరికి పోయింది.

బల్లమీద ఖాళీ ఫ్రేము. నల్లబడిన పాత చెక్క. వెనక అట్టను పట్టి ఉంచే చిన్న మేకులు మాత్రం తళతళలాడుతున్నాయి. అద్దం మీద ఒకచోట కందిగింజంత ఎర్రటి మరక. పోయిన ఏటి బొట్టు, ఎండి గట్టిపడింది. హేమలత గోటితో గీరింది. మరక కదల్లేదు. గోరు జారింది, కింద ఉన్నది నున్నటి అద్దమే.

అద్దాన్ని తిప్పి లోపలివైపునుంచి గీరింది. ఎర్రటి పొడి రాలింది.

"గోవిందస్వామీ, బొట్టు అద్దానికి బయట పెడతారా, లోపల పెడతారా?"

"అదేం ప్రశ్న? బయటే."

"మరి ఇది లోపల ఎట్లుంది?"

ఆయన లేచి వచ్చాడు. వేలు బయట పెట్టి చూశాడు, లోపల పెట్టి చూశాడు. "ఎవరో తుడిచేటప్పుడు..."

"తుడిస్తే చెరిగిపోతుంది గానీ తిరగబడదు. పోయిన ఏటి అమావాస్య తర్వాత ఎవరో ఈ ఫ్రేము విప్పారు. అద్దం తీశారు. ఆ ఎర్రచుక్క ఏమిటో వాళ్ళకు తెలీదు. పెట్టేటప్పుడు తిరగేసి పెట్టి, కొత్త మేకులు కొట్టారు. ఇవాళ హడావుడిగా లాక్కుపోయిన దొంగ పని కాదిది, తీరిగ్గా కూచుని చేసిన పని. ఈ ఏడాదిలో ఈ ఫ్రేము గోడ దిగిందా?"

"దిగిందమ్మా," అన్నాడు మునస్వామి. "గిరిబాబు సారు మదనపల్లెకు ఎత్తుకపోయినాడు. వారం పెట్టుకున్యాడు."

"స్కాన్ చేయించేదానికి!" గిరిబాబు మెత్త కుర్చీలో మొదటిసారి కదిలాడు. "అర్జీకి జత చెయ్యాల కదా. స్టూడియోవాడు విప్పి ఉంటాడు, తప్పుగా బిగించి ఉంటాడు. అద్దం తిరగేస్తే జైలా?"

"ఆయన చెప్పింది న్యాయమే మేడమ్," అన్నాడు గోవిందస్వామి. "అద్దం తిరగబడింది సరే. ఫోటో ఇవాళ పోయింది. ఇవాళ లోపలికొచ్చింది ఈ తల్లి. బయట కాపలా కొడుకు. మీరు గోడ చుట్టూ తిరక్కుండా..."

"నువ్వు తాళం వేసినాక తిరగడానికి గోడలు తప్ప ఇంకేం ఉన్నాయి నాయనా?"

కిటికీ దగ్గర గొంతు వినబడింది. కమ్మీలకు ముఖం ఆనించి మునస్వామి కూతురు సౌమ్య నిలబడి ఉంది. కుప్పం కాలేజీలో లైబ్రేరియన్. ఆ ఇంట్లో నెల జీతం చూసిన మొదటి మనిషి. అమావాస్యకని పొద్దున బస్సుకు వచ్చి, నాన్న లోపల పడ్డాక హేమలతకు ఫోన్ చేసింది ఆ అమ్మాయే. సి.ఐ. ఆమెను లోపలికి రానివ్వలేదు.

"మేడమ్, మీరు ఫోటో గురించి అడగతాంటే వింటాండా. పోయినేడు పెద్దల అమాసకు అవ్వ బొట్టు పెట్టేటప్పుడు నేను తీసినా. సూడండి." ఫోను తెరిచి కమ్మీల మధ్యనుంచి చాపింది.

"సీలు వేసినాక లోపలికి ఏ వస్తువూ రాకూడదు!" అరిచాడు గోవిందస్వామి.

"ఇది వస్తువు కాదు, సాక్షి," అంది హేమలత, అప్పటికే అందుకుని.

"అవ్వకు బీపీ మాత్ర వేసే టైమైంది. ఇంటికాడ ఉండాయి, తెస్తా," అని సౌమ్య వెళ్ళిపోయింది.

ఫోన్లో బొమ్మ స్పష్టంగా ఉంది. అద్దం మీద పెద్దమ్మ వేలు, వేలి పక్కన అసలు ఫోటో. హేమలత రెండు వేళ్ళతో పెద్దది చేసింది. చేసి, కాసేపు ఉక్కను మరిచిపోయింది, తాళాన్ని మరిచిపోయింది, అయిదు గంటలను కూడా మరిచిపోయింది. ఇరవై ఏళ్ళు శవాల ఫోటోలు తీసిన మనిషికి ఇలాంటిది చూడడం పండగ.

బెల్లప్పాకం రంగు. నూటయాభై ఏళ్ళ కిందటి ఎండ ఆ పాకంలో పడి గట్టిపడినట్టు ఉంది. రాళ్ళు ఒక్కొక్కటీ వేరువేరుగా, మేడల కిటికీల్లో గాజులు, కప్పుల మీద పొగగొట్టాలు, వాటిలోంచి మెలికలు తిరుగుతూ పొగ. వీధి చివర సూదిలాంటి గోపురంతో చర్చి. అన్నిటికంటే ముందు మునెప్ప. గొంగడి మడతలో మడత, ముఖంలో భయం, ఆ భయాన్ని దాచుకుంటున్న గడ్డం. పక్కన మేకకు రెండు తలలు.

"గోవిందస్వామీ, ఇట్రా. ఎంత బాగుందో చూడు."

"బాగుంటే నాకేం మేడమ్!"

"మేకకు రెండు తలలు ఎందుకున్నాయి?"

ఆయన కళ్ళు చికిలించాడు. "తల తిప్పినట్టుంది. ఆ కాలంలో చాలాసేపు కదలకుండా ఉండాలంట కదా. కదిలితే చెదిరిపోతుంది."

"శభాష్. మేక తల తిప్పితే చెదిరింది. మరి ఆ పొగ? పొగకంటే కదిలేది ఏముంది లోకంలో? ఒక్కొక్క మెలికా ముగ్గు వేసినట్టు ఎట్లా నిలబడింది?"

గోవిందస్వామి ఫోను ఇంకా దగ్గరికి లాక్కుని చూశాడు.

"పొగగొట్టాలు! పుంగనూరులో ఏ ఇంటికి ఉన్నాయి పొగగొట్టాలు? దొరల ఇళ్ళు కాబోలని నూరేళ్ళు అందరం సరిపెట్టుకున్నాం. సరే, ఇప్పుడు పెద్దమ్మ చెప్పిన నీడ చూడు."

నీడ ఉంది. మునెప్ప కాళ్ళ దగ్గర మొదలై, నేలమీద జానెడు దూరం పడుకుని, అక్కడ ఉన్నట్టుండి లేచి నిలబడింది. నిలబడి మేడల మీదుగా, పొగ మీదుగా పాకి, తలపాగా నీడ చర్చి గోపురాన్ని తాకింది. ఎక్కడో వీధి చివర, నూరు బారల అవతల ఉండాల్సిన చర్చిని మేకలాయన నీడ తాకింది.

"నీడ ఎందుకు లేచింది గోవిందస్వామీ?"

"గోడ... గోడ అడ్డమొచ్చింది."

"గోడ కాదు, గుడ్డ. రంగులేసిన తెర. ఎవరో ఊరూరూ తిరిగే ఫోటోలాయన బండిలో వేసుకొచ్చి, కట్టి, ముందర మునెప్పను నిలబెట్టాడు. మనిషి నిజం, మేక నిజం, నీడ నిజం. వీధి మాత్రం బొమ్మ. ఏ దేశపు చర్చి వీధో! ఈ ఊళ్ళో ఆ వీధిలో నడవాలని బయల్దేరితే ముక్కు గుడ్డకు కొట్టుకుంటుంది."

మునస్వామి గోడనుంచి వీపు తీశాడు. "అంటే మేడమ్... మేము దారిని ఆక్రమించలేదా?"

"లేని దారిని ఎవరాక్రమిస్తారు నాయనా? రేపు సబ్ కలెక్టరు ముందు ఈ నీడ ఒక్కటి చూపిస్తే అర్జీ చిత్తు. ఆ సంగతి మీకంటే ముందు ఇంకొకరికి తెలిసింది. మదనపల్లెలో పెద్దది చేయించినప్పుడు." ఆవిడ గిరిబాబు వైపు తిరిగింది. "తెలిసి ఏం చేశారంటే, నీడను చెరిపించి నకలు తీయించారు. నకలు ఫ్రేములో పెట్టి గోడకు తగిలించారు. అసలును దాచారో కాల్చారో. అర్జీకి నీడలేని స్కాన్ జత చేశారు. అంతా బాగుంది. కానీ సబ్ కలెక్టరు అసలు తెమ్మన్నారు. తీసుకుపోతే కొత్త కాగితమని పట్టుబడతారు. కాబట్టి నకలు కూడా పోవాలి. పోతే ఆ పాపం మునస్వామి మీద పడాలి."

"కథ బాగుండాది," అన్నాడు గిరిబాబు.

"గోవిందస్వామీ, వీళ్ళిద్దర్నీ సోదా చేసినావు కదా. అరిచేంత సేపే లోపలున్న ఈయన్ను వెతికినావా?"

"ఆయన ఫిర్యాదు ఇచ్చినాయన మేడమ్! ఫిర్యాదు ఇచ్చినోళ్ళను ఎట్లా వెతుకుతాం?"

"ఫైలు ఇవ్వమను."

"ఏ అధికారంతో? మీరు ప్రైవేటు. మీ మాట మీద ఒక పెద్దమనిషి ఫైలు లాక్కుంటే రేపు నా టోపీ పోతుంది!"

"టోపీ ఇప్పటికే పడింది నీకు, నెత్తిన తడుముకో. ఎవరి సలహా మీద తాళం వేసినావు? ఎవరు చెప్తే మునస్వామిని అనుమానించినావు? అద్దం విప్పిన వారం ఫ్రేము ఎవరింట్లో ఉంది?"

గోవిందస్వామి కాసేపు ఆవిడను, కాసేపు ఫ్రేమును చూశాడు. తర్వాత రెంటినీ వదిలేసి ముసలామెను చూశాడు. నీడ పోయిందని మధ్యాహ్నం నుంచి మొత్తుకుంటున్న ముసలామె. తాను నవ్విన ముసలామె. ఆయన నడిచి వెళ్ళి గిరిబాబు ఒళ్ళోంచి ఫైలు లాగాడు.

కల్యాణమండపం ప్లాన్లు. మొదటిది, రెండోది. రెండోదానికీ మూడోదానికీ మధ్య బెల్లప్పాకం రంగు ఫోటో జారి బల్లమీద పడింది. వీధి, మేడలు, చర్చి, మునెప్ప. నీడ లేదు. నుదుటి దగ్గర అద్దం లోపలినుంచి అంటుకున్న కుంకుమ, దాని మీదనుంచి ప్లానుకు అంటుకుని, సరిగ్గా మండపం ముఖద్వారం మీద ఎర్రగా పులుముకుంది.

"పెద్దమ్మా," అన్నాడు గోవిందస్వామి, గొంతు మార్చి, "నీ కంట్లో ఏమీ లేదు."

"నేను సెప్పలా అప్పా?"

గిరిబాబు పారిపోయే ప్రయత్నం చేయలేదు. ఎక్కడికి పారిపోతాడు? ఆశ్చర్యం ఏమిటంటే, భయపడనూ లేదు. కాలు మీద కాలు వేసుకున్నాడు. వాచీ చూసుకున్నాడు.

"గుడ్డేనమ్మా. ఒప్పుకుంటా. రేపు పోయి గుడ్డ అని చెప్పండి. నన్ను నాలుగు రోజులు లోపలేయండి, జామీను తెచ్చుకుంటా. కానీ ఇల్లే లేకపోతే ఏ ఇంటికమ్మా విచారణ? కూలిపోయినాక మేకలోడు ఎన్నేళ్ళు కోర్టు చుట్టూ తిరగతాడు?"

ఎక్కడో దూరంగా ఒక ఇంజను గురగురమంది.

హేమలత మనసులో మేకుకు తగిలించిన వింత తనంతట తానే దిగి వచ్చింది. బయటికి వదలమని అడగని మనిషి. తాళం గుర్తు చేసిన మనిషి. ఇల్లుగలవాళ్ళు, ఆపగలిగిన పోలీసు, అందరూ ఒకే గదిలో, ఒకే తాళం కింద.

"జేసీబీ," అంది.

"డ్రైవరుకు తారీకు తప్పు చెప్పినానేమో. రేపటి పని ఈ పొద్దే చేసేస్తాండాడు," అన్నాడు గిరిబాబు. "నేనేం చేసేది? మధ్యాహ్నం నుంచి నేను సి.ఐ.గారి తాళంలో ఉండా. నాకు సాక్షి సి.ఐ.గారే."

గోవిందస్వామి తలుపు మీద రెండు చేతులతో బాదాడు. జవాబు లేదు. ఫోన్ తీసి కానిస్టేబుల్‌కు కొట్టాడు.

"యాడుండావురా?"

"పలమనేరు బస్సులో సార్," ఫోన్లో గొంతు గట్టిగా అందరికీ వినబడింది. "వేలిముద్రలాయన్ను పిల్చకరమ్మన్నారంట కదా. తాళం వేసేటప్పుడే గిరిబాబు సారు చెప్పినాడు, సాయంత్రం బస్సుకు పొమ్మని."

"తాళంచెవి?"

"నా కాడే ఉండాది సార్. ఫోన్ల సంచీ కూడా. భద్రంగా ఉండాయి."

సి.ఐ. ఆ ఫోను కట్ చేశాడు. స్టేషన్‌కు కొట్టాడు, వస్తున్నామన్నారు. వస్తున్నామనడానికి, రావడానికి మధ్య పుంగనూరు బజారు ఉంది.

అప్పుడు కిటికీ దగ్గరనుంచి మునస్వామి కేక వేశాడు. కేక కాదు, మేకను కోసేటప్పుడు వచ్చే గొంతు. "సౌమ్యా! బిడ్డ లోపలుండాది! మాత్రలకు పోయింది!"

"వచ్చేసింటాది," అన్నాడు గిరిబాబు. "మాత్ర తెచ్చేదానికి ఎంతసేపు?"

"వచ్చింటే ఈడ ఉండదా సార్? జేసీబీని చూస్తే అది బయటికి రాదు. నా బిడ్డ నాకు తెలీదా? వాకిట్లో కూడా నిలబడదు. లోపల గడియ పెట్టుకోని కూచుంటాది."

గిరిబాబు కాలు మీదనుంచి కాలు దిగింది. "లోపల ఎవరూ ఉండరని చెప్పినా డ్రైవరుకు. అందరూ చర్చిలో ఉంటారు, తలుపు మూసున్నా పట్టించుకోవద్దు, ఎవరరిచినా ఆగద్దు, తోసేయ్ అని..." చొక్కా జేబు తడుముకున్నాడు. ఖాళీ.

"నంబరు చెప్పు!" గోవిందస్వామి ఫోను అతని ముఖం ముందు పెట్టాడు.

"నంబరు... ఫోన్లో ఉండాది సార్."

"ఫోన్ యాడ?"

"పలమనేరు బస్సులో."

హేమలత చేతిలో సౌమ్య ఫోను ఉంది. తెర ఆరిపోయి ఉంది. మళ్ళీ వెలగాలంటే ఆ పిల్ల వేలే కావాలి.

గిరిబాబు కిటికీకి ఎగబడ్డాడు. కమ్మీలు పట్టుకుని "ఆపరా! రేయ్, ఆపరా!" అని గొంతు చించుకున్నాడు. అద్దెకు తెచ్చిన ఇంజను అద్దెకు తెచ్చినవాడి గొంతును తొక్కేసింది. చర్చి గోడ అవతల, మునస్వామి ఇంటి పెంకుల పైకి, పసుపుపచ్చ ఇనపచెయ్యి నిదానంగా లేచింది.

"బెంచీ పట్టండి!" అంది హేమలత.

ప్రార్థనకు వేసే పొడుగాటి బెంచీ. ఒక చివర సి.ఐ., ఒక చివర మునస్వామి, మధ్యలో తెల్లచొక్కా గిరిబాబు, పక్కన హేమలత. మొదటి పోటుకు తలుపు మూలిగింది. రెండో పోటుకు పై చట్రం నుంచి సున్నం రాలింది. టేకు తలుపు, ఇనప గడియ, పైన గోవిందస్వామి పెట్టించిన తాళం. మూడో పోటుకు గిరిబాబు చేతులు రక్తమయ్యాయి. వదల్లేదు. పెద్దమ్మ లేచి వెళ్ళి కిటికీ కమ్మీలకు చెవి ఆనించింది.

ఖాళీగా తిరిగే ఇంజను మోత వేరు, గోడను తోసే ఇంజను మోత వేరు.

ముసలామె వెనక్కి తిరక్కుండానే చెయ్యి ఎత్తి అందర్నీ ఆగమంది. బెంచీ గాల్లోనే ఆగింది. ఇప్పుడు వినబడుతున్నది రెండో మోత.